ఏడో నంబరు సీసా

జమ్మలమడుగు బస్టాండులో దేవకుమారి మేడం బస్సు ఎక్కేసరికి నా పక్క సీటు మీద నా సంచి ఉండేది. ప్రొద్దుటూరులో ఉదయం ఏడుంపావుకు బయలుదేరి జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందుల పోయే బస్సది. నేను ప్రొద్దుటూరులోనే ఎక్కుతాను కాబట్టి కిటికీ పక్క చోటు దొరికేది. మేడం రాగానే లేచి ఆమెను కిటికీ వైపు కూర్చోమనేదాన్ని. ఆమె ఒక్కనాడూ ఒప్పుకోలేదు. "నువ్వు చదువుకుంటాండావు, వెలుతురు నీకే కావల్ల" అని ఇవతలి సీట్లో కూర్చుని ఒళ్ళో సంచి పెట్టుకునేవారు.

ఆ సంచిలో ఏముంటాయో నెల రోజుల్లోనే నాకు తెలిసిపోయింది. మూడు గిన్నెల క్యారియరు, మోకాళ్ళ నొప్పుల మందు, అంచులు చిరిగిన కీర్తనల పుస్తకం, బ్రౌను కాగితంతో అట్ట వేసిన లావుపాటి నోట్‌బుక్కు. ఆ నోట్‌బుక్కును నేను మొదట డైరీ అనుకున్నాను. ముద్దనూరులో బస్సు ఆగినప్పుడు ఆమె దాన్ని తెరిచేవారు. ఓరగా చూస్తే గ్రాములు, మిల్లీలీటర్ల పక్కనే "కరెంటు లేదు, 11.20 నుంచి 12.05", "గాలి దుమారం", "మనవరాలికి జ్వరం, అక్క రాలేదు" అని కనిపించేవి. ఇవన్నీ ఎందుకు రాస్తారని అడగడానికి నాకు రెండు నెలలు పట్టింది. అడగాల్సిన మాటను లోపల పదిసార్లు అనుకుని, చివరికి అడగకుండా ఊరుకునే స్వభావం నాది. అడిగాక ఆమె నవ్వి, ఏది అక్కరకొస్తుందో ముందే తెలిస్తే అదొక్కటే రాసుకోవచ్చు, తెలియదు కాబట్టి అన్నీ రాసుకుంటున్నాను అన్నారు.

నేను తెలుగు ఎమ్మే ముగించి, పులివెందులలో ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరరుగా చేరిన మొదటి సంవత్సరం అది. మేడం అదే కాలేజీలో పంతొమ్మిదేళ్ళుగా కెమిస్ట్రీ చెబుతున్నారు. స్టాఫ్ రూములో అందరూ ఒకేసారి మాట్లాడతారు. అక్కడ అన్నం తినలేక ఒకరోజు క్యారియరు పట్టుకుని వరండా చివరనున్న కెమిస్ట్రీ ల్యాబుకు పోయాను. తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని బియ్యం ఏరుతున్న ముసలామె తలెత్తి చూసింది.

"ఏంది పాపా, తెలుగు మేడమ్‌వి ఈడికొచ్చినావు. ఈడ పద్యాలు దొరకవు, యాసిడ్ దొరుకుతాది."

ఆమె అలివేలమ్మ, ల్యాబు అటెండరు. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, అరవైకి దగ్గర పడిన వయసు. కాలేజీలో మేడంని "నువ్వు" అని పిలిచేది ఆమె ఒక్కతే. మేడం ఆమెను "అక్కా" అంటారు. ఆరోజు నుంచి మధ్యాహ్నం భోజనం ముగ్గురం అక్కడే చేసేవాళ్ళం. తిన్నాక మేడం తన సీసాలు చూసుకునేవారు, నేను పుస్తకం చదువుకునేదాన్ని, అలివేలమ్మ ఇద్దరి మీదా జోకులు వేసేది.

ఆ సీసాల గురించి చెప్పాలి. మేడం పీహెచ్‌డీ పని వాటిలోనే ఉండేది. లోహపు పరమాణువు ఒకటి మధ్యలో ఉంటే ఇంకో పదార్థం చుట్టూ చేరి దాన్ని పట్టుకుంటుంది. అలా పట్టుకునేదాన్ని లైగాండ్ అంటారు. నాకు అర్థం కాలేదని గ్రహించి మేడం ఎడమ పిడికిలిని కుడిచేతి వేళ్ళతో గట్టిగా పట్టుకుని చూపించారు. "ఎండ్రకాయ కొండితో పట్టుకుంటాది చూడు, అట్ల." ఏ వేలు ఎక్కడ పట్టుకుంది, ఎంత దూరంలో పట్టుకుంది అన్నది తేల్చడమే ఆమె పరిశోధన. అది కంటికి కనిపించేది కాదు. ఆ పదార్థం స్ఫటికంగా పెరిగితే, దాని మీదికి ఎక్స్-రే పంపి, లోపల ఏ పరమాణువు ఎక్కడ నిలబడిందో లెక్క కట్టవచ్చు. పొడిగా పడితే ఆ లెక్క కుదరదు. స్ఫటికంలో అణువులు వరుస తప్పవని, మీ వృత్తపద్యంలో గణాల మాదిరేనని నా కోసం వెతికి ఒక పోలిక చెప్పారు.

స్ఫటికం పెరగడానికి చేయవలసిన పని దాదాపు ఏమీ చేయకుండా ఉండటమే. ద్రావణాన్ని చిన్న గాజు సీసాలో పోసి, మూతికి కాగితం కట్టి, దానికి సూదితో బెజ్జాలు పెట్టి, కదలని చోట ఉంచాలి. నీళ్ళు మెల్లగా ఆరాలి. తొందరగా ఆరితే అడుగున పొడి పడుతుంది. మన కడప ఎండల్లో మెల్లగా ఆరడమంటే ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. మేడం గోడ బీరువా కింది అరలో, పాత చీర మడతల మీద సీసాలు పెట్టి, సోమవారం, గురువారం మాత్రమే తెరిచి చూసేవారు. మిగతా రోజుల్లో చూడాలనిపించినా చూసేవారు కాదు. నేను చేరిన ఏడాది ఆయుధపూజకు అలివేలమ్మ త్రాసులకూ బర్నర్లకూ బొట్లు పెడుతూ ఆ బీరువాకు కూడా పసుపు, కుంకుమ పెట్టింది. క్రైస్తవురాలైన మేడం ఏమంటారోనని చూశాను. ఆమె నోట్‌బుక్కులో "బీరువా తలుపుకు కుంకుమ. లోపల పడలేదు" అని రాసుకున్నారు.

మేడంవాళ్ళు నాలుగు తరాలుగా జమ్మలమడుగులోనే ఉన్నారు. తండ్రి ఇమ్మానుయేలు గారు ఆసుపత్రిలో కాంపౌండరు. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు ఆయన ఒక గాజు గ్లాసులో మైలుతుత్తం నీళ్ళు పోసి, పెన్సిలుకు దారం కట్టి అందులో వేలాడదీసి, వారం రోజులు ముట్టుకోకుండా ఉంటే దేవుడు ఒక నీలపురాయి ఇస్తాడని చెప్పారట. ఆమె మూడో రోజే దారం లాగి చూసింది. రాయి రాలేదు. రెండోసారి ఏడు రోజులూ ఆగింది. అప్పుడొచ్చిన నీలం స్ఫటికం తన పెళ్ళి వరకూ అగ్గిపెట్టెలో దూది మీద ఉండేదని చెప్పేటప్పుడు మేడం చేతివేళ్ళు ఇంకా ఆ పరిమాణం చూపిస్తాయి. ఎమ్మెస్సీ, పెళ్ళి, ఉద్యోగం, కూతురు సుస్మిత చదువు, అన్నీ అయ్యాక నలభై నాలుగో ఏట పార్ట్‌టైం పీహెచ్‌డీకి చేరారు. గైడుగారు ఇచ్చిన లోహం జింకు. జింకుతో పని చేయడంలో ఆమెకున్న చిన్న అసంతృప్తి ఒకటే, దానికి రంగు ఉండదు. సమ్మేళనాలు తెల్లగా వస్తాయి, మహా అయితే లేత పసుపు.

ఎనిమిదేళ్ళు గడిచాయి. గడువు రెండుసార్లు పొడిగించారు. 2025 సెప్టెంబరు పందొమ్మిది ఆఖరి తేదీ, ఆ తర్వాత రిజిస్ట్రేషన్ రద్దయిపోతుంది. నాలుగు అధ్యాయాలు సిద్ధంగా ఉన్నాయి. లేనిది ఐదోది, కనీసం ఒక్క స్ఫటికం నిర్మాణం. అది లేకుండా థీసిస్ నిలవదని గైడుగారు మొదటినుంచీ చెబుతున్నారు. ఎనిమిదేళ్ళలో ఎన్ని సీసాలు పెట్టారని అడిగితే నోట్‌బుక్కులు చూసి చెబుతానన్నారు. అలివేలమ్మ మాత్రం చూడకుండానే చెప్పింది. "కడిగినదాన్ని నేను గదా. నాలుగొందలు దాటినాయి."

మే నెల సెలవుల్లో నేను మా ఊరు దువ్వూరులో ఉన్నాను. అప్పుడు జరిగింది తర్వాత విన్నదీ, నోట్‌బుక్కులో చదివిందీ కలిపి రాస్తున్నాను. సెలవుల్లోనూ మేడం వారానికి రెండురోజులు ల్యాబుకు వచ్చేవారు. మే ఎనిమిదో తేదీ ఏడు సీసాలు పెట్టారు. ఇరవై తొమ్మిదిన బీరువా తెరిస్తే ఆరింటిలో ఎప్పటిలాగే తెల్లటి పొడి ఉంది. ఏడో సీసా అడుగున, గోడకు ఆనుకుని, ఆవగింజలో సగం ఉన్న స్ఫటికం ఒకటి కనిపించింది. పలకలు తీరి, అంచులు కోసినట్టు ఉంది. ఆకులా పచ్చగా ఉంది. ఆనాటి పేజీలో సమయం తర్వాత ఒకే మాట ఉంది: "పచ్చ!" ఆశ్చర్యార్థకం ఆమె నోట్‌బుక్కుల్లో నాకు ఇంకెక్కడా కనిపించలేదు.

స్ఫటికం ఆరిపోతే పగులుతుందని, దాని నీళ్ళలోనే ఉంచి, సీసాకు మూత బిగించి, భర్త క్రిస్టోఫర్ గారితో ముద్దనూరులో రైలెక్కి ఎక్స్-రే యంత్రం ఉన్న ఊరికి తీసుకుపోయారు. దారంతా సీసాను రెండు చేతుల మధ్య పెట్టుకునే కూర్చున్నారట. క్రిస్టోఫర్ సార్ హైస్కూల్లో లెక్కల మాస్టరు, మాటకారి. పెళ్ళైన కొత్తలో కూడా మా ఆమె నా చెయ్యి ఇంతసేపు పట్టుకోలేదని ఇప్పటికీ అందరికీ చెబుతారు.

జూన్ చివరలో ఫలితం వచ్చింది. రంగురంగుల గుండ్లతో, పుల్లలతో గీసిన బొమ్మ. మధ్యలో లోహం, చుట్టూ లైగాండు పట్టిన నాలుగు పట్లు, పైన ఒక నీటి అణువు. గైడుగారు ఫోనులో అభినందించి, నెల రోజుల్లో అధ్యాయం రాసెయ్యమన్నారు. మధ్యనున్న గుండు పక్కన జింకు అని ఉంది.

మేడం బస్సులో ఆ బొమ్మ నాకు చూపించారు. ఎంతో బాగుందన్నాను. ఆమె బొమ్మను కాసేపు చూసి, మడిచి, నోట్‌బుక్కులో పెట్టారు.

"బాగుండాది. అయితే ఇది జింకు కాదు."

ఆరోజు ముద్దనూరు నుంచి పులివెందుల దాకా ఆమె చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. జింకు పచ్చగా ఉండదు. ఆ పచ్చ రాగిది. ఎక్స్-రేకి మాత్రం రాగికీ జింకుకీ తేడా దాదాపు తెలియదు. మూలకాల పట్టికలో రెండూ పక్కపక్క గదులు, ఇరవై తొమ్మిది, ముప్పై. మనం జింకు అని చెప్పి పంపాము కాబట్టి వాళ్ళు జింకు అనే లెక్క కట్టారు, లెక్క కుదిరింది. ఇంకో పరీక్షకు పంపుదామంటే స్ఫటికం యంత్రంలోనే పగిలిపోయింది. మా కాలేజీలో ఆ పచ్చరంగు చూసినవాళ్ళు ఇద్దరే, మేడం, అలివేలమ్మ.

జింకు సీసాలోకి రాగి ఎక్కడినుంచి వచ్చింది? జులై నెలంతా మేడం దీని వెంటే తిరిగారు. జింకు లవణం కొత్త డబ్బా తెప్పించారు, పాతదాన్ని పరీక్షించారు, రెంటిలోనూ రాగి లేదు. గాజు సామాను, గరిటెలు, వేడినీళ్ళ తొట్టి, అన్నీ చూశారు. పద్నాలుగు సీసాలు మళ్ళీ పెట్టారు. పద్నాలుగూ తెల్లగానే మిగిలాయి. ఆ మే ఎనిమిదిన ఏం చేశానని నోట్‌బుక్కు వెతికితే ఒక వాక్యం దొరికింది: "ఏడో సీసాకు గీత దాకా నీళ్ళు, అక్క పోసింది. నేను ఆఫీసులో." అలివేలమ్మను అడిగితే, చేతిలో సీసా తుడుస్తూనే, క్యాన్‌లోని డిస్టిల్డ్ వాటరే పోశానంది. మేడం ఆ మాటను కూడా రాసుకుని, అక్కడికి వదిలేశారు.

గైడుగారు మంచి మనిషి. డిసెంబరులో ఆయన రిటైరవుతారు. తన చివరి విద్యార్థిని పట్టా లేకుండా మిగలకూడదని ఆయన ఆరాటం. ఆగస్టు మొదటి వారంలో బస్సులో ఉండగానే ఫోను చేశారు. ఆయన గొంతు పక్కనున్న నాకూ వినిపించింది. రిపోర్టులో జింకు అని వచ్చింది, జింకు అనే రాయండమ్మా, తప్పని ఎవరు నిరూపించగలరు అన్నారు.

"నేను కండ్లతో చూసినాను సార్. పచ్చగా ఉన్నింది."

మళ్ళీ చేసి చూపించగలరా అని ఆయన అడిగారు. చేయలేకపోతున్నానని చెప్పారు మేడం. ఆ తర్వాత ఆయన ఇంటి విషయాలేవో మాట్లాడి పెట్టేశారు. మేడం కొంగుతో ఫోను తుడిచి సంచిలో వేసుకున్నారు. ఎనిమిదేళ్ళ పని అక్కడ ఆగిపోయిందని నాకు తెలుస్తూనే ఉంది. ఏదో ఒకటి అనాలనుకున్నాను. అనుకుంటుండగానే పులివెందుల వచ్చేసింది.

ఆగస్టు పదిహేను నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితమైంది. పద్దెనిమిది సోమవారం బస్సులో కాలు పెట్టే చోటు లేదు, ఇద్దరం నిలబడే వెళ్ళాము. మేడం మోకాళ్ళు వాచి ఉన్నాయి. మధ్యాహ్నం క్యారియరు తెరవకుండానే బీరువా దగ్గరికి పోయి, తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచారు. అలా తెరవడం నేనెప్పుడూ చూడలేదు.

"అక్కా, ఇవన్నీ తీసి కడిగెయ్. కొత్తవి పెట్టేది లేదు."

అలివేలమ్మ లేవలేదు. ఎందుకని అడిగింది. మేడం నెమ్మదిగానే చెప్పారు. సెప్టెంబరు పందొమ్మిదికి ఇక నెలే ఉంది. పచ్చ స్ఫటికం మళ్ళీ రాదు. జింకు అని అబద్ధం రాయలేను, రాగి ఎట్లా వచ్చిందో చెప్పలేను. గడువు అయిపోనిస్తానని ఈ సాయంత్రం సార్‌కు ఉత్తరం రాస్తాను.

అలివేలమ్మ లేచి సీసాలున్న ట్రే తీసుకుంది. తొట్టి దాకా పోయింది. కొళాయి తిప్పలేదు. ట్రే అక్కడ పెట్టి, చేతులు చీరకు తుడుచుకుని వెనక్కి వచ్చింది.

"మేడమ్, ఒగ మాట చెప్తా. నన్ను తీసేయిస్తే తీసేయించు."

మేడం కుర్చీ లాగి ఆమెను కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు.

"ఆ పొద్దు క్యాన్‌లో నీళ్ళు అయిపోయినాయి. నువ్వు ఆఫీసుకు పోతా గీత దాకా పొయ్యమంటివి. కొళాయి నీళ్ళు పోస్తే సున్నం మాదిరి పడతాదని నువ్వే చెప్పి ఉంటివి. అందుకని నీ చెంబులో నీళ్ళు పోసినా."

"ఏ చెంబు?"

"నీ రాగిచెంబే. తాగే నీళ్ళు గదా, మంచివే గదా అనుకుంటి."

ఆ చెంబు కథ నాకు తెలుసు. మేడం మోకాళ్ళ నొప్పులకు రాగిచెంబులో నిలవ ఉంచిన నీళ్ళు మంచివని ఎవరో చెబితే, అలివేలమ్మ తన ఇంటి నుంచి తెచ్చిన చెంబది. రోజూ సాయంత్రం చింతపండుతో తోమి, తళతళలాడించి, మంచినీళ్ళు పోసి, మూత పెట్టి పోతుంది. పొద్దున మేడం వచ్చి తాగుతారు. ఆరేళ్ళుగా తాగుతున్నారు. ఆ జులై నెలంతా రాగి కోసం ల్యాబును జల్లెడ పట్టిన మనిషి, వెతుకుతూ వెతుకుతూ దాహమేస్తే తాగింది ఆ చెంబులో నీళ్ళే.

"మరి అడిగితే క్యాన్ నీళ్ళంటివి కదక్కా."

"భయమేసింది. జులైలో మా కాంట్రాక్టు కాగితాలు తిరగరాస్తారు. నీ సీసా చెడగొడితినని తెలిస్తే ఎట్లని. నువ్వేమో పచ్చగా వచ్చిందని సంబరపడితివి. నాకు సీసా చూస్తానే తెల్సు, అది కిలుమని. నలభై ఏండ్లు రాగి సామాన్లు తోమినదాన్ని, కిలుము రంగు నాకు తెలీదా?" ఆమె గొంతు తగ్గింది. "నువ్వు ఇది వదిలేస్తానంటే నేను చూడలేను మేడమ్."

మేడం కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డారు. కోప్పడతారేమోనని నేను నా పుస్తకంలోకి తల దించుకున్నాను. కొంతసేపటికి నవ్వు వినిపించింది. మేడం నవ్వుతున్నారు, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు, మళ్ళీ నవ్వుతున్నారు. అలివేలమ్మ ఆమెకేమైందోనని నావైపు చూసింది.

నవ్వు ఆగాక మేడం మొదట చెంబులో మిగిలిన నీళ్ళు గాజు గొట్టంలోకి పోశారు. రాగిని పట్టిచ్చే మందు రెండు చుక్కలు వేశారు. నీళ్ళు లేత గోధుమ రంగుకు తిరిగాయి. క్యాన్ నీళ్ళలో వేస్తే తెల్లగానే ఉన్నాయి. అప్పుడు నోట్‌బుక్కు తీసి, పెన్ను విప్పి, "చెంబు ఎట్ల తోముతావో తోమి చూపించక్కా" అన్నారు.

అలివేలమ్మ తన డబ్బాలోంచి చింతపండు తీసింది. మేడం ఆపి, దాన్ని త్రాసులో పెట్టి తూచారు. పన్నెండు గ్రాములు. ఉప్పు తూచారు. కొబ్బరిపీచు మాత్రం తూచలేదు గానీ ఎన్నిసార్లు రుద్దిందో లెక్కపెట్టారు.

"చింతపండు అంగట్లో తూచేది చూసినా. చెంబు తోమేదానికి తూచేది ఈడే చూస్తాండా" అంది అలివేలమ్మ. ఆమె గొంతులో భయం అప్పటికి పోయింది.

పులుపు తగిలిన రాగి నీళ్ళలోకి ఏమంత దిగుతుంది? ఇసుమంత. కానీ లైగాండుకు జింకు కంటే రాగి అంటే పట్టు ఎక్కువ, జింకును వదిలి రాగిని పట్టుకుంటుంది. రాగి తక్కువ కాబట్టి ఆ పట్టడం మెల్లగా జరుగుతుంది, మెల్లగా జరిగింది కాబట్టే స్ఫటికం అంత పెద్దదయింది. ఇది మేడం ఊహ. ఊహ నిజమో కాదో చూడటానికి మరునాడు పది సీసాలు పెట్టారు. ఏడింటిలో చెంబు నీళ్ళు, మూడింటిలో డిస్టిల్డ్ వాటరుకు రాగి లవణం నేరుగా కలిపినవి. మే నెల ఎండ ఇప్పుడు లేదు, నీళ్ళు త్వరగా ఆరవని, కాగితాలకు రెండేసి బెజ్జాలు ఎక్కువ పెట్టారు.

రాగి లవణం కలిపిన మూడూ తెల్లారేసరికి ముదురు పచ్చ బురదలా అయ్యాయి. మిగతా ఏడింటిని చూడటానికి సోమవారం, గురువారం తప్ప వేరే రోజు లేదు. గడువు నెలరోజుల్లో ఉన్నా మేడం ఆ నియమం తప్పలేదు. తప్పింది అలివేలమ్మే. ఒక బుధవారం మేడం క్లాసుకు పోయాక బీరువా తలుపు సందులోంచి కన్ను పెట్టి చూసి, నాకు తల అడ్డంగా ఊపింది. నేను ఎవరికీ చెప్పలేదు.

మొదటి సోమవారం ఏమీ లేదు. గురువారం ఏమీ లేదు. రెండో వారం కూడా అంతే. మేడం బస్సులో కీర్తనల పుస్తకం తెరిచి, పేజీ తిప్పకుండా కూర్చునేవారు. సెప్టెంబరు నాలుగు, గురువారం. పదహారో రోజు. ఆమె తలుపు తెరిచి, వంగి, చాలాసేపు వంగే ఉన్నారు. మోకాళ్ళ వల్ల లేవలేకపోతున్నారేమోనని నేను దగ్గరికి పోయాను. నాలుగు సీసాల అడుగున నాలుగు పచ్చటి చుక్కలు ఉన్నాయి.

అలివేలమ్మ కూడా వచ్చి చూసింది.

"కిలుమే" అంది.

రెండిటిని యూనివర్సిటీకి పంపితే లోహం తేల్చే పరీక్షలో రాగి అని వచ్చింది. గైడుగారికి మేడం ఫోనులో అంతా చెప్పారు, చెంబు దగ్గర్నుంచి కిలుము దాకా. ఆయన అంతా విని, చింతపండు ఎన్ని గ్రాములో రాశారా అని మాత్రం అడిగారు. థీసిస్ శీర్షికలో "జింకు, ఇతర లోహాలు" అని ఎనిమిదేళ్ళ కిందట ఏదో తోచి పెట్టినందుకు తనను తాను మెచ్చుకున్నారు కూడా. ఐదో అధ్యాయం మేడం పదిరోజుల్లో రాశారు. ప్రయోగవిధానంలో రాగిచెంబు, పదహారు గంటల నిలవ, పన్నెండు గ్రాముల చింతపండు ఉన్నాయి. తన నోట్‌బుక్కులో "క్యాన్ నీళ్ళే" అని రాసుకున్న వాక్యం తప్పని కూడా అందులోనే రాశారు.

కృతజ్ఞతల పేజీ తెలుగులో ఉండాలని నన్ను రాయమన్నారు. రెండు రాత్రులు కూర్చుని పేజీన్నర రాశాను. తేనె, వెన్నెల, అనిర్వచనీయం లాంటివన్నీ అందులో ఉన్నాయి. మేడం బస్సులో చదివి, పెన్సిలుతో మెల్లగా కొట్టేస్తూ వచ్చారు, నాకు బాధ కలగకుండా ఒక్కో మాటకూ నావైపు చూస్తూ. తండ్రి పేరు, భర్త పేరు, గైడుగారి పేరు ఉంచారు. చివరి వాక్యం ఆమే రాశారు: "ఏడో సీసాలో నీళ్ళు పోసిన, పోశానని చెప్పిన అలివేలమ్మకు."

సెప్టెంబరు పద్దెనిమిదిన, ఒకరోజు ముందుగా, థీసిస్ ఇచ్చి వచ్చారు. ఫిబ్రవరిలో మౌఖిక పరీక్ష జరిగింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు అన్నిటికంటే ఎక్కువసేపు ఐదో అధ్యాయం మీదే అడిగారని, ఇది జింకు కాదని మొదట మీకెట్లా తెలిసిందన్న ప్రశ్నకు తాను "చూశాను సార్" అన్నానని మేడం చెప్పారు. ఇప్పుడు ఆమె డాక్టర్ దేవకుమారి. జమ్మలమడుగులో చర్చికి వచ్చే ముసలివాళ్ళు కొందరు మోకాళ్ళ నొప్పులకు మందు అడుగుతున్నారట. తన మోకాళ్ళే చూపించి పంపిస్తున్నానన్నారు.

రాగిచెంబు ఇప్పుడు బీరువా పై అరలో ఉంది. దాని మెడకు దారం కట్టి, ఒక చీటీ వేలాడదీశారు, "తాగరాదు" అని మేడం చేతిరాత. అలివేలమ్మకు అది నచ్చలేదు. తన చెంబు తనకివ్వమని వారం రోజులు అడిగింది. ఇంకో మూడు ప్రయోగాలున్నాయని మేడం ఇవ్వలేదు. చివరికి నిన్న పొద్దున అలివేలమ్మ ఒక కొత్త మట్టికుండను చంకలో పెట్టుకుని వచ్చింది. నీళ్ళు పోసి, మూత పెట్టి, మేడం బల్ల మీద పెట్టింది.

"తాగేదానికి తెచ్చినా. దీంట్లోంచి ఏం దిగుతాదో నాకు తెలీదు. ముందే చెప్తాండా, రాసుకో."

మేడం నోట్‌బుక్కు తెరిచి తేదీ వేశారు. కుండ ఎక్కడ కొన్నావక్కా అని అడిగారు.